వాళ్ళ గడియారం మారినప్పుడల్లా

2025 దసరా వెళ్ళిన వారం బ్రాడీపేటలో మా గది ఖాళీ చేశాం. గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, బ్రాడీపేటలో అడ్రసంటే రెండంకెలు చాలు. నాలుగో లైను, తొమ్మిదో అడ్డరోడ్డు అయితే 4/9. మాదీ ఆ చుట్టుపక్కలే. కింద మందుల షాపు, పైన మేము. విదేశాల వాళ్ళకి వెబ్‌సైట్ల పని చేసి పెట్టడానికి 2014 నుంచి పదకొండేళ్ళు అద్దెకున్న గది. నాలుగు బల్లలు, ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు, గోడకి తెల్లబోర్డు. బల్లలు ఓఎల్‌ఎక్స్‌లో పెడితే రెండు రోజుల్లో పోయాయి. బ్యాటరీలు పాత సామాన్ల వాడికి ఇచ్చేశాం. తెల్లబోర్డు మాత్రం నేనే స్క్రూలు విప్పి ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ బోర్డు మీద మూడు పేర్లుంటాయి. మా కుర్రాడొకడు తెలియక పర్మనెంట్ మార్కరుతో రాశాడు. స్పిరిట్ పెట్టి తుడిచినా పోలేదు. అమెరికాలో ఒహాయో, ఇంగ్లండ్‌లో లీడ్స్, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్. పదకొండేళ్ళూ మా అద్దె, కరెంటు బిల్లు, నలుగురి జీతాలు, మా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళ ఖర్చు ఆ మూడు చోట్ల నుంచే వచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా నేను చూడలేదు.

2008లో నా బీటెక్ అయింది. కాలేజీకొచ్చిన ఒక పెద్ద కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది. అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టి, పసుపు రాసి, బీరువాలో దాచింది. ఆ సెప్టెంబరులోనే అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. జాయినింగ్ తేదీ తర్వాత చెబుతామని మెయిలొచ్చింది. ఆ తర్వాత మెయిళ్ళు కూడా రాలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల సంగతి బయటపడ్డాక ఇక కబురు కోసం చూడటం మానేశాను. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. ఉద్యోగం మాట ఆయన ఒక్కరోజూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉండేది.

అరండల్‌పేటలో ఒక ఇంటర్‌నెట్ సెంటర్లో స్నేహితుడొకడు రెంట్-ఎ-కోడర్ అనే సైటు చూపించాడు. ఎక్కడెక్కడి వాళ్ళో తమకి కావాల్సిన పని రాసి పెడతారు, చేయగలిగిన వాళ్ళు ఇంతకి చేస్తామని బిడ్ వేస్తారు. నేను ఇరవైకి పైగా బిడ్లు వేశాక ఒకటి తగిలింది. ఎవరిదో చిన్న దుకాణం వెబ్‌సైటు. అందులో ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం నింపితే మెయిల్ వెళ్ళడం లేదు. అది బాగుచేస్తే 30 డాలర్లు.

ఆ ఫారం నాకింకా కళ్ళ ముందుంది. పేరు, మెయిలు, సందేశం, కింద బూడిద రంగు బటను. పీహెచ్‌పీ అనే కోడు భాషలో ముప్ఫై లైన్లు కూడా ఉండదు. నాకు నాలుగు రోజులు పట్టింది. ఇంట్లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్, రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా ఫ్రీ. అందుకని ఒకటిన్నరకి అలారం పెట్టుకుని లేచేవాణ్ణి. మోడెంలో డీఎస్‌ఎల్ లైటు మినుకుమినుకుమంటూ ఉంటే ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం, అది నిలకడగా వెలగగానే పని మొదలుపెట్టడం. నాలుగో రోజు తెల్లవారుజామున తెలిసింది, తప్పు కోడులో లేదు, ఆ సర్వరు మెయిల్ పంపాలంటే ముందు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. సరిచేసి బటను నొక్కాను. నా ఇన్‌బాక్సులో టెస్ట్ మెయిల్ వచ్చి పడింది. బయట పాలవాడి సైకిల్ బెల్లు వినిపించింది. ఆ తర్వాత ఎంత పెద్ద పనులు చేసినా, ఆ ఉదయం కలిగిన సంతోషం మళ్ళీ అంతగా కలగలేదు.

“ముఖం చూడలేదు, ఊరు తెలీదు, ఎలా ఇస్తాడ్రా డబ్బులు?” అన్నారు నాన్న.

“ముందే ఆ సైటు వాళ్ళ దగ్గర కడతాడు నాన్నా. పని నచ్చాక వాళ్ళు వాళ్ళ కమీషన్ పట్టుకుని మనకిస్తారు.”

“అంటే మా కొట్టులాంటిదేగా,” అన్నారు. ఆ మాటతో ఆయనకి నా పని అర్థమైంది. చేతికొచ్చింది పన్నెండు వందల చిల్లర. ఆయన కొట్టు లెక్కలు రాసే పొడుగు పుస్తకం లాంటిదే ఒకటి కొనుక్కొచ్చి, మొదటి పేజీలో జమ రాశారు.

ఇంకో మాట కూడా చెప్పారు అప్పట్లో. ఇరవై డాలర్లకి, పది డాలర్లకి పనులు చేస్తున్నానని నేను మొహమాటపడుతుంటే, యార్డులో తేజ రకం మిర్చికి ఒక ధర, 341 రకానికి ఒక ధర, తాలుకి ఒక ధర ఉంటుందిరా అన్నారు. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయని కూడా ఎవరూ పారబొయ్యరు, దానికీ కొనేవాడుంటాడు. మా కొట్లో కొత్త కుర్రాణ్ణి ముందు తాలు టిక్కీల దగ్గరే, అంటే ఆ బస్తాల దగ్గరే కూర్చోబెడతాం, కాయని చేత్తో పట్టుకుని చూడటం అక్కడే వస్తుంది, అన్నారు.

నేనూ అలాగే నేర్చుకున్నాను. డిజైనరు ఫోటోషాప్‌లో ఇచ్చిన బొమ్మని హెచ్‌టీఎంఎల్ పేజీగా మార్చడం, ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో మాత్రమే పక్కకి జరిగిపోయే మెనూని సరిచెయ్యడం, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్లలో జూమ్లా నుంచి వర్డ్‌ప్రెస్‌కి సైటు మార్చడం. అన్నీ చిన్న పనులే. ఒక్కో పనితో ఒక్కో సంగతి వంటబట్టింది. పని ఇచ్చినవాడు తిట్టిన తిట్టు కూడా పాఠమే. ‘నీ పేజీ నా భార్య కంప్యూటర్లో విరిగిపోతోంది’ అని ఒకాయన రాసినప్పుడు, మనం చేసేది మన మానిటర్ మీద చూసుకోవడానికి కాదని తెలిసొచ్చింది.

ఇబ్బందులు లేవని కాదు. 2011 మార్చి నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన వల్ల, బయటి దేశాల డబ్బు అందుకునే పేపాల్‌లో ఒక్కసారికి 500 డాలర్లకి మించి తీసుకోవడానికి లేకుండా పోయింది. క్లయింట్లని బతిమాలి, ఒక బిల్లుని మూడు ముక్కలు చేసి పంపించుకునేవాణ్ణి. ఆ ఏడాది చివర్లో ఆ పరిమితి 3,000 అయ్యాక ఊపిరాడింది. తర్వాత 2012లో మాకు పనిచ్చే ఒహాయో ఆయన నేరుగా బ్యాంకుకే పంపడం మొదలుపెట్టాడు. ఫారిన్ నుంచి డబ్బొచ్చిందంటే మా బ్రాంచిలో అది మిర్చిదో, పొగాకుదో, పత్తిదో అయ్యుండాలి. పొగాకు బోర్డు హెడ్డాఫీసు ఉన్న ఊరాయె. “ఏం సరుకు పంపారు బాబూ, షిప్పింగ్ బిల్లేదీ?” అని అడిగారు ఆఫీసరు గారు. సరుకేమీ లేదండీ, సాఫ్ట్‌వేర్ పని అన్నాను. ఆయన ఓపిగ్గా పెద్ద జాబితా తీసి, వేలు పెట్టి వెతికి, పి0802 అనే కోడు పట్టుకున్నారు. ఆ తర్వాత ప్రతిసారీ నన్ను చూడగానే “జీరో ఎయిట్ జీరో టూ గారూ, రండి” అనేవారు. ఎంతో ఆప్యాయంగా అనేవారు.

ఒహాయో ఆయనది కుళాయిలు, పైపులు, వాటి విడిభాగాలు అమ్మే వ్యాపారం. ఆరు వేల రకాల సరుకుతో కేటలాగు. వాళ్ళ ఊళ్ళో పొద్దున పదింటికి రోజూ అరగంట కాల్. మనకి రాత్రి ఏడున్నర. ఎనిమిదింటికల్లా అయిపోయేది, నాన్నతో కలిసి భోంచేసేవాణ్ణి. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి జరుపుతారు. దాంతో మన కాల్ ఎనిమిదిన్నరకి పోయేది. నాన్నకి షుగరు, ఎనిమిది దాటితే ఆగలేరు. ఆయనకి పెట్టేసి అమ్మ మాత్రం నా కోసం తొమ్మిది దాకా కూర్చునేది. మళ్ళీ మార్చిలో వాళ్ళు గడియారం ముందుకి జరిపేదాకా అంతే. ఆవిడకి ఒహాయో ఎక్కడుందో తెలీదు కానీ, దీపావళి వెళ్ళగానే “వాళ్ళ గడియారం మార్చారా?” అని అడిగేది.

2012, 2013 ఎండాకాలాల్లో కరెంటు కోతలు ఎలా ఉండేవో అందరికీ గుర్తే. గుంటూరు ఎండ, ఆగిపోయిన ఫ్యాను, ఇన్వర్టరు చివరి బీప్‌లు. ఒకసారి కాల్ మధ్యలో అంతా ఆరిపోయింది. ఫోనులో చెబితే, “చీకట్లో కూర్చున్నావా? వెళ్ళి గాలి పీల్చుకో, రేపు మాట్లాడుకుందాం” అన్నాడాయన. మూడు నెలల తర్వాత బిల్లు మీద 200 డాలర్లు ఎక్కువ పంపి, ‘బ్యాటరీ కోసం’ అని రాశాడు.

2014లో గది తీసుకున్నాం, నేనూ ఇద్దరు స్నేహితులూ. అంతకు ముందు డిసెంబరులోనే, రెంట్-ఎ-కోడర్ లాంటి సైట్లే అయిన ఈలాన్స్, ఓడెస్క్ కలిసిపోయాయి, 2015లో ఆ రెండూ కలిపి అప్‌వర్క్ అయింది. నా రేటు గంటకి 3 డాలర్ల నుంచి 18కి వచ్చింది. సాయంత్రాలు కాలేజీ కుర్రాళ్ళు వచ్చి కూర్చునేవారు. పెద్ద పని మేము చేసుకుంటూ, అందులో విడిగా తియ్యగలిగిన చిన్న ముక్కలు వాళ్ళకిచ్చేవాళ్ళం. ఫోటోల సైజు మార్చడం, ఫారంలో ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూసే కోడు, ప్లగిన్ అప్‌డేట్. ఒక్కో ముక్కకి మూడొందలు, ఐదొందలు. అలా వచ్చిన వాళ్ళలో పదకొండు మంది ఇవాళ హైదరాబాదులో, బెంగళూరులో, ఇద్దరు డల్లాస్‌లో ఉన్నారు. ఇది చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంది.

మా పై అంతస్తులో బెంచ్ సేల్స్ ఆఫీసుండేది. అమెరికాలో ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న కన్సల్టెంట్ల రెజ్యూమేలు పట్టుకుని, ఇరవై మంది కుర్రాళ్ళు తెల్లవార్లూ ఫోన్లు చేసేవారు. రాత్రి రెండింటికి మెట్ల మీద వాళ్ళ టీ ఫ్లాస్కు, మా టీ ఫ్లాస్కు పక్కపక్కనే. జాబ్ సపోర్ట్ అడిగేవాళ్ళు కూడా వచ్చేవారు. అక్కడ ఉద్యోగం వాళ్ళది, ఆ పని రాత్రిపూట రెండు గంటలు ఇక్కడ కూర్చుని మనం చేసి పెట్టాలి, నెలకింతని ఇస్తారు. చాలామంది చేశారు, ఇళ్ళు నిలబెట్టుకున్నారు. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు. ఒకరి పేరు మీద మరొకరు చేసే పనిలో, పని వచ్చినవాడు చెడతాడు, రానివాడు ఎప్పటికీ నేర్చుకోడు.

2020 లాక్‌డౌన్‌లో మొదట భయపడ్డాం. తీరా చూస్తే ఆ రెండేళ్ళూ ఎన్నడూ లేనంత పని. ప్రపంచమంతా ఇంటి నుంచే పనిచేస్తుంటే, ఆ ఇల్లు గుంటూరులో ఉంటే ఏం అన్న ధోరణి వచ్చింది. నా రేటు 28 డాలర్లయింది. 2021 మేలో నాన్నకి కోవిడ్ వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఆక్సిజన్ బెడ్ కోసం తిరిగిన ఆ రోజుల గురించి ఇక్కడ రాయలేను. ఒహాయో ఆయనకి రెండు లైన్ల మెయిల్ పెట్టాను, కొన్నాళ్ళు రాలేనని. మర్నాడు ఖాతాలో మూడు నెలల డబ్బు పడింది. ‘మీ నాన్నగారి దగ్గర కూర్చో. సైటు ఎక్కడికీ పోదు’ అని రాశాడు. నాన్న ఇంటికొచ్చాక ఆ మెయిల్ చదివి వినిపిస్తే, ఆ ఊరి పేరు మళ్ళీ చెప్పమన్నారు. పుస్తకంలో రాసుకున్నారు.

బోర్డు మీది మూడు పేర్లలో మొదట పోయింది లీడ్స్. అక్కడి మనిషి కూడా మాలాంటి కాంట్రాక్టరే, తన పనిలో కొంత మాకిచ్చేవాడు. 2021 ఏప్రిల్‌లో ఐఆర్35 అనే పన్ను నిబంధన అక్కడి ప్రైవేటు కంపెనీలకీ వచ్చింది. పేరుకి కాంట్రాక్టరైనా ఉద్యోగిలా పనిచేస్తున్నాడా లేదా అన్నది తేల్చే బాధ్యత పనిచేయించుకునే కంపెనీల మీద పడింది. మధ్య, పెద్ద కంపెనీలు చాలావరకు ఆ తలనొప్పి మాకొద్దన్నాయి. అతను పర్మనెంటు ఉద్యోగంలో చేరిపోయాడు. ఏడేళ్ళ పని ఒక ఫోన్ కాల్‌లో ముగిసింది.

కోవిడ్ రోజుల్లో దొరికిన ఒక అమెరికన్ స్టార్టప్ ఇంకా విచిత్రంగా పోయింది. మా పని బాగాలేదని వాళ్ళనలేదు. 2022 నుంచి వాళ్ళ దేశంలో పన్ను లెక్క మారింది. సాఫ్ట్‌వేర్ తయారీకి పెట్టిన ఖర్చు ఆ ఏడాదే మొత్తం చూపించుకోవడానికి లేదు. దేశంలో చేయిస్తే ఐదేళ్ళకి, బయటి దేశంలో చేయిస్తే పదిహేనేళ్ళకి పంచి చూపించాలి. వాళ్ళ అకౌంటెంటు కాల్‌లోకి వచ్చి ఇదంతా మర్యాదగా వివరించింది. పైగా ఆ ఏడాది మార్చి నుంచి వాళ్ళ కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ పెంచుకుంటూ పోయింది, సున్నా దగ్గరున్నది 2023 జులైకి 5.25-5.5 శాతం. ఊరికే దొరికే డబ్బుతో నడిచిన కంపెనీలు ముందు బయటివాళ్ళనే తీసేశాయి. 2025 జులైలో ఆ పన్ను చట్టం సవరించారు కానీ, వెసులుబాటు స్వదేశంలో చేయించే పనికే. మనకి పదిహేనేళ్ళ లెక్క అలాగే ఉంది. బ్రాడీపేటలో ఒక గది అద్దె కట్టలేకపోవడానికి వాషింగ్టన్‌లో ఒక పన్ను సెక్షన్ కారణమని నాన్నకి చెబితే, ఆయన ఆశ్చర్యపోలేదు. చైనా వాడు కొనడం ఆపితే ఇక్కడ తేజ ధర పడిపోవడం నేను చూశాను కదా అన్నారు.

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. వారం తర్వాత ఒక సాయంత్రం మా కుర్రాడు తన కంప్యూటర్ నావైపు తిప్పాడు. ‘కాంటాక్ట్ ఫారం నుంచి మెయిల్ వెళ్ళడం లేదు’ అని టైప్ చేశాడు. లైను వెనక లైను వచ్చింది. ఐదు కారణాలు చెప్పింది. రెండోది, సర్వరు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోందేమో చూడండి. నిమిషం కూడా పట్టలేదు. నేను లేచి బాల్కనీలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఆ నాలుగు రాత్రులు, మోడెం లైటు, పాలవాడి బెల్లు గుర్తొచ్చాయి.

నాకు ఆ యంత్రం మీద కోపం లేదు. రోజూ వాడుతున్నాను, నా పని వేగంగా అవుతోంది. మెల్‌బోర్న్ వాళ్ళు 2024లో ఇక మేమే చేసుకుంటాం అన్నప్పుడు, వాళ్ళ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. నా బాధ తాలు టిక్కీల గురించి. ముప్ఫై డాలర్ల పని ఇప్పుడెవరూ బయట పెట్టరు, పెట్టాల్సిన అవసరం లేదు. పైన ఉన్న పని పదేళ్ళ అనుభవం ఉన్నవాడికిస్తారు. ఆ పదేళ్ళ మొదటి ఏడాది ఇప్పటి కుర్రాడికి ఎక్కడ దొరుకుతుంది?

మా అక్క కొడుకు 2024లో బీటెక్ అయ్యాడు. “మావయ్యా, నువ్వెలా మొదలుపెట్టావో నేనూ అలాగే మొదలుపెడతా” అని వచ్చాడు. మా ఇంట్లో ఆ మాట ఎప్పటికైనా ఎవరైనా అంటారని ఎదురుచూశాను నేను. ఇద్దరం కూర్చుని ప్రొఫైల్ తయారుచేశాం. ఇప్పుడు బిడ్ వెయ్యాలంటే ముందు డబ్బు కట్టాలి. వాడు తన పుట్టినరోజుకొచ్చిన డబ్బుతో కట్టాడు. ప్రతి పని కింద, ఎంతమంది బిడ్ వేశారో చూపించే చోట ‘50+’ అని ఉంటుంది, పెట్టిన పది నిమిషాలకే. నలభై ఒక్క బిడ్లు వేశాడు. రాత్రి రెండింటికి లేచి చూసుకునేవాడట, అక్క చెప్పింది. రెండు జవాబులొచ్చాయి. ఒకటి మోసగాడిది, టెలిగ్రామ్‌లోకి రమ్మన్నాడు. ఇంకొకాయన, శాంపిల్‌గా మొత్తం పేజీ చేయించుకుని మాయమయ్యాడు.

వాడి ముఖం చూడలేక నేనే ఊళ్ళో తిరిగాను. కొరిటెపాడులో పచ్చళ్ళు చేసి పార్సిల్ పంపే ఒకావిడ ఉంది. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు నోటుపుస్తకంలో రాసుకుని, గోంగూర అడిగినవాళ్ళకి ఉసిరికాయ పంపి అవస్థపడుతోంది. మావాడు వారం రోజులు ఆవిడ వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, ఆర్డరు, కిలోలు, పిన్‌కోడు ఒకచోట కనపడేలా చేసి పెట్టాడు. ఆరు వేలిచ్చింది, రెండు సీసాల మాగాయ కూడా. డాలర్ 2025 చివరికి 90 రూపాయల దగ్గరికి చేరింది. నేను మొదలుపెట్టినప్పటికి దాదాపు రెట్టింపు. అయినా వాడి మొదటి సంపాదన రూపాయల్లోనే వచ్చింది. నాన్న పాత పుస్తకం తీసి దానికి కొత్త పేజీ తిప్పారు.

పై అంతస్తు బెంచ్ సేల్స్ ఆఫీసు ఏడాది క్రితమే మూతపడింది. 2025 సెప్టెంబరులో హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లన్న వార్త వచ్చిన రాత్రి, ఆ ఆఫీసులో పనిచేసిన కుర్రాడొకడు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. ఇప్పుడు అమరావతి రోడ్డులో బిర్యానీ పాయింటు పెట్టాడట. రమ్మన్నాడు. వెళ్ళాలి.

ఒహాయో ఆయన 2025 జులైలో వ్యాపారం అమ్మేశాడు. డెబ్భై రెండేళ్ళు. కొన్నవాళ్ళకి వాళ్ళ సొంత సైటుంది. చివరి కాల్‌లో మొదటిసారి కెమెరా ఆన్ చేశాడు. వెనక గోడంతా ఇత్తడి కుళాయిలు. ఒక్కోటి చూపిస్తూ కేటలాగులో దాని నంబరు చెప్పమన్నాడు. అన్నీ చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. పదమూడేళ్ళు. నాన్నగారిని అడిగానని చెప్పమన్నాడు.

నవంబరు 2 ఆదివారం. సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ అడిగింది, “వాళ్ళ గడియారం మార్చారా?”

“మార్చారమ్మా, ఇవాళే.”

“అయితే రేపట్నించి తొమ్మిదింటికేగా నీ భోజనం.”

తెల్లబోర్డు ఇంకా హాల్లో గోడకి ఆనించి ఉంది. దాని వంక చూశాను.

“లేదమ్మా,” అన్నాను. “నాన్నతో పాటు ఎనిమిదింటికే తింటాను. నువ్వూ కూర్చో.”